సాకుల వరస

కృత్తిక కార్తె, సోమవారం

పొద్దున్నే పలకలు తుడిచాను. కోరంగి చట్రంలో అద్దెకుండే వాళ్లందరికీ రోజు మొదలయ్యేది ఈ పనితోనే. సముద్రపు గాలి మోసుకొచ్చే ఉప్పు ఇంటి నెత్తిన ఉన్న సూర్యపలకల మీద పేరుకుంటుంది. తుడవకపోతే మిట్టమధ్యాహ్నం ఫ్యాను ఆగిపోతుంది. నాకీ చాకిరీ అంటే చచ్చేంత విసుగు. అయినా చేస్తున్నాను. వీళ్ల బతుకు మీద పుస్తకం రాస్తానని వచ్చి, వీళ్ల చాకిరీ మాత్రం చెయ్యనంటే ఎలా?

నా పేరు వకుళ. నగర నిర్మాణం నా చదువు, అద్దె ఇళ్లు నా పిచ్చి. ఏడో వరసలో ఒక అర అద్దెకు తీసుకుని ఏడాదిగా ఇక్కడే ఉంటున్నాను. పాత ఊళ్లను సముద్రం మింగేశాక నీళ్లలో ఉక్కు చట్రం నిలబెట్టి, దానికి ఇళ్లను పెట్టెల్లా కొక్కేలతో తగిలించారు. ఒక్కో పెట్టెనీ అర అంటారు. సొంతిల్లు అనేది ఇక్కడ ఎవరికీ లేదు. ఏటా వానలకు ముందు మార్పిడి జరుగుతుంది. బరువైన అరల్ని కిందికి, తేలికైనవాటిని పైకి, పనివాళ్లను పని దగ్గరికి మారుస్తారు. ఎనిమిది కాళ్ల క్రేను ఒకటి చట్రం మీద పాక్కుంటూ వచ్చి, గిన్నెలూ చెంబులతో సహా ఇంటిని ఊడబెరికి ఇంకోచోట తగిలిస్తుంది. దాన్ని అందరూ పీత అంటారు.

ఎవరు ఎక్కడుండాలో తేల్చేది సర్దుబాటు అనే యంత్రం. దానికి ఒళ్లు లేదు, ప్రతి అరలోనూ వార్తలు చదివేలాంటి గొంతు ఒకటి ఉంది. ఇక్కడి జనం దాన్ని "సర్దుబాటు గారు" అంటారు. గోదావరి మర్యాద యంత్రాల్ని కూడా వదల్లేదు.

మా విశ్వవిద్యాలయం నియమం ఒకటుంది. నేను ఎవరి మీద రాస్తున్నానో వాళ్ల దగ్గర ఏ మేలూ పొందకూడదు. పొందితే అధ్యయనం చెల్లదు. అందుకే నా స్టవ్వు, నా సరుకులు, నా మందులు అన్నీ నేనే తెచ్చుకున్నాను. ఈ ఏడాదిలో పక్కింట్లో చిటికెడు పసుపు కూడా అడగలేదు. ఈ విషయంలో నాకు కాస్త గర్వం కూడా ఉంది.

పలకలు తుడిచి దిగేసరికి నూకరత్నం మామ్మగారు గుమ్మంలో గిన్నె పట్టుకుని నిలబడ్డారు. ఎనభై దగ్గర పడుతున్న మనిషి. కళ్లకు వెలుగూ నీడా తప్ప ఇంకేం ఆనవు.

"ఏవమ్మా వకుళమ్మా, ఉన్నావా? ఉప్పెంతేసేనో ఏటో, కళ్లు ఆనటం లేదు. కాస్త అన్నంలో కలుపుకుని ఎలాగుందో సెప్పు."

చింతచిగురు, ఎండురొయ్యలు. రుచి చెప్పాలంటే సరిపడా తినాలి కదా, తిన్నాను. ఉప్పు సరిగ్గా ఉందని చెప్పాను. ఆవిడ సంతోషంగా వెళ్లిపోయారు. పాపం, రోజూ ఈ మాత్రం సాయం చెయ్యకపోతే ఎలా అనుకున్నాను.

కృత్తిక కార్తె, శనివారం

మార్పిడి నోటీసు వచ్చింది. ఏడో వరస మొత్తాన్ని విడదీస్తున్నారు.

దయామణిని అడుగు అంతస్తుకు దించుతారట. ఆమె పంపుల దగ్గర పని చేస్తుంది. రెండేళ్ల కూతురు కెజియాతో ఒంటరిగా ఉంటోంది. గొడుగుగుడ్డలూ తెరచాపలూ కుట్టే ఖాసిం వలీ గారినీ, ఆయన భార్య మీరాబీనీ అంగళ్ల వరసకు మారుస్తారు. నూకరత్నం మామ్మగారిని మాత్రం పడమటి అంచున ఉన్న సేవా అరలకు పంపుతారు. అక్కడ అన్నం, స్నానం, మందు అన్నీ యంత్రాలే చూసుకుంటాయి. ఏ లోటూ ఉండదు, మాట్లాడే మనిషి తప్ప.

ఆ వార్త వినగానే కెజియాను ఒళ్లో పెట్టుకుని ఉన్న మామ్మగారి చెయ్యి ఒక్క క్షణం ఆగింది. మళ్లీ పిల్ల జుట్టు దువ్వడం మొదలుపెట్టారు.

"మంచిదేలే. యంత్రం వండితే ఉప్పు గొడవుండదు," అన్నారు.

నాకు కడుపు మండింది. అరల ముందు వేలాడే ఈ వల వంతెన మీద తాడు పట్టుకుని నడవడం నేర్చుకోవడానికి ఆవిడకు ఎంత కాలం పట్టిందో దయామణి నాకు చెప్పింది. కొత్త చోట ఆవిడ గది దాటి బయటికి రారు. రాకపోతే ఎన్నాళ్లో బతకరు. ఇది అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనడం లేదు.

అద్దెదారుల చట్టంలో ఇరుగుపొరుగు హక్కు అని ఒక మాట ఉంది. ఒకరికొకరు ఆధారంగా బతికేవాళ్లను విడదీయకూడదు. ఈ చట్రంలో ఆ హక్కు ఇంతవరకూ ఒక్కరికి కూడా దక్కలేదు. ఎందుకు దక్కలేదో తేల్చుకుందామని సర్దుబాటు మీద ఒంటికాలి మీద లేచాను.

"ఈ వరసలో వాళ్లు ఒకళ్ల మీద ఒకళ్లు ఆధారపడి ఉన్నారని నీకు తెలీదా?"

"నాకు తెలిసింది వాళ్లు చెప్పిందేనండి," అంది సర్దుబాటు. "ఏటా సర్వేలో అడుగుతున్నాను. మీ బతుక్కి పొరుగువారి సాయం అవసరమా అని. ఏడో వరసలో అందరూ అవసరం లేదనే చెప్పారు. నేను మనుషులను ఇళ్లలో గమనించకూడదు. అది కూడా అద్దెదారుల హక్కే. ఆ హక్కు కోసం మీరే ఒక వ్యాసం రాశారు."

యంత్రం ఏదో దాచిందని పోట్లాడ్డానికి వెళ్లాను. అది నా వ్యాసం నాకే అప్పగించింది.

రోహిణి కార్తె, బుధవారం

ఎండలు మాడ్చేస్తున్నాయి. నీళ్ల కుళాయి దగ్గర ఖాసిం వలీ గారు దొరికారు. సర్వేలో అలా ఎందుకు చెప్పారని అడిగాను.

ఆయన ముఖం మాడిపోయింది. "మేడం గారండి, మేం ఎవరి దగ్గరా చెయ్యి చాపలేదండి. అల్లా దయ వల్ల నా కుట్టుమిషను మీద ఇల్లు గడిచిపోతోందండి."

దయామణిదీ అదే వరస. "సాయమా? నాకెందుకక్కా? నా పిల్లని నేను పెంచుకోలేనా?" అంది. ఆ పిల్ల అప్పుడు మామ్మగారి ఇంట్లో నిద్రపోతోంది.

తల ప్రాణం తోకకొచ్చింది. పుస్తకం మూసేసి మీరాబీ దగ్గర కూర్చున్నాను. ఆవిడ గుడ్డముక్కలు వేరు చేస్తోంది. ఏదో ఒకటి మాట్లాడాలి కదా అని, మామ్మగారికి మీరేం చేస్తుంటారు అని అడిగాను.

అంతే, ఆవిడ నోరు తెరిచింది. చేపలు కడిగి ముక్కలు కోసి పెట్టేది తనేనట. "మా ఇంట్లో కత్తిపీట పదునుగా ఉందమ్మా, ఇలా తెండి అంటాను. లేకపోతే ఇవ్వరు కదా!" మందుబిళ్లలు చూసి ఇచ్చేదీ తనేనట. "నాకు లెక్కలు మర్చిపోకుండా ఉంటాయని చెప్పి తీసుకుంటాను." వంతెన తాడుకు అక్కడక్కడ కట్టిన గుడ్డపీలికలు చూపించింది. మామ్మగారి గుమ్మం దగ్గర మఖమల్ గుడ్డ, కుళాయి దగ్గర గరుకు గోనె, మలుపు దగ్గర సిల్కు. చేత్తో తడిమితే ఎక్కడున్నారో ఆవిడకు తెలుస్తుంది.

"మా ఆయన కట్టారమ్మా. ఎందుకు కట్టారని ఆవిడ అడిగితే, మిగిలిన ముక్కలు పారెయ్యడం ఇష్టం లేక కట్టానని చెప్పారు. ఆవిడ కూడా, బాగున్నాయయ్యా అందానికి, అన్నారు." మీరాబీ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది.

అప్పటికి నా బుర్ర వెలిగింది. ఈ వరసలో ఎవరూ ఎవరికీ సాయం చెయ్యరు. అందరూ సాకులు చెబుతారు. సాయం పుచ్చుకునేవాళ్ల తల వంచకుండా ఇవ్వడానికి వీళ్లు కనిపెట్టుకున్న మర్యాద ఇది. ఎంత చక్కటి మర్యాదంటే, పుచ్చుకుంటున్నామని వీళ్లే మర్చిపోయారు. చట్టం పుచ్చుకునేవాళ్లను అడిగింది. ఇచ్చేవాళ్లను అడిగి ఉంటే సర్దుబాటుకు వినే ఓపిక సరిపోయేది కాదు.

పరుగెత్తుకుంటూ ఇంటికొచ్చి సర్దుబాటును పిలిచాను. ప్రశ్న తిప్పి అడగమన్నాను. నువ్వు ఎవరికి ఏం చేస్తున్నావు? ఇదొక్కటే ప్రశ్న.

"అడగొచ్చండి," అంది. "అయితే ఇస్తున్నామని ఒకరు చెబితే చాలదు. పుచ్చుకుంటున్నామని రెండోవారు విచారణలో ఒప్పుకోవాలి. చట్టం ఒకరికొకరు ఆధారం అంటోంది కాబట్టి ప్రతి అరా ఇవ్వాలి, ప్రతి అరా పుచ్చుకోవాలి. ఒకవైపే ఉంటే అది ఆధారం కాదు."

రోహిణి కార్తె, శుక్రవారం

సర్దుబాటు ఒక్కో ఇంట్లో ఒక్కొక్కరినీ విడిగా అడిగి మాటలు తీసుకుంది. ఇవ్వడం గురించి చెప్పమంటే అందరూ ఉత్సాహంగా చెప్పారట. మామ్మగారైతే పొయ్యి మీద అన్నం మాడుతున్నా పట్టించుకోకుండా చెప్పారట. ఒప్పుకోవడం దగ్గరే చిక్కొచ్చింది.

ఖాసిం వలీ గారు రెండు రోజులు ముభావంగా తిరిగి, చివరికి మీరాబీ ఏడ్చేసరికి సరేనన్నారు. దయామణి పెదవి కొరుక్కుని తలూపింది. మామ్మగారు మాత్రం వినలేదు.

"నేను ఒప్పుకోను."

"మామ్మగారూ, మీరు ఒప్పుకోకపోతే మిమ్మల్ని పడమటి అంచుకు పంపేస్తారు."

"పంపితే పంపనీ. సెయ్యి సాపి బతికిందని నలుగురిలో అనిపించుకోను. నా మొగుడు పోయినప్పుడు కూడా ఒకళ్ల గుమ్మం తొక్కలేదు నేను."

"సాయం పుచ్చుకుంటున్నానని చెప్పడానికి అంత నామోషీ ఏమిటండీ?"

"నువ్వు సెప్పగలవా?"

"నేను ఎవరి దగ్గరా ఏమీ పుచ్చుకోను," అన్నాను గబుక్కున.

ఆవిడ నా వైపు ముఖం తిప్పి కాసేపు నవ్వారు. ఆ నవ్వుకు నాకు ఒళ్లు మండింది. మీ మొండితనం వల్ల ఆ పిల్ల దిక్కులేనిదవుతుందని అనేశాను. అనకూడని మాట. ఆవిడ నవ్వు ఆగిపోయింది. లేచి తాడు పట్టుకుని వెళ్లిపోయారు. ఆ వేళ గిన్నె రాలేదు.

రోహిణి కార్తె, సోమవారం

శని, ఆదివారాల్లోనూ, ఈ రోజూ కూడా గిన్నె రాలేదు. నేను అటుకులు నానబెట్టుకుని తిన్నాను. వాటికి ఉప్పు వెయ్యడం కూడా మర్చిపోయాను.

రోహిణి కార్తె, మంగళవారం

విచారణ ఈ రోజు జరిగింది. జరిగినదంతా మర్చిపోకముందే రాస్తున్నాను.

వరస చివర ఉన్న పెద్ద వరండాలో చాపలు పరిచారు. విచారణాధికారి పద్మనాభం గారు కుర్చీలో కూర్చున్నారు. లెక్క సర్దుబాటు చెబుతుంది, తీర్పు మాత్రం మనిషే చెప్పాలి. పద్మనాభం గారికి పక్క వరసల నుంచి కూడా జనం వచ్చి నిలబడటం నచ్చలేదు. ముఖం చిట్లించి, "కానివ్వండి," అన్నారు.

ముందు దయామణి లేచింది. ఆమె పంపుల దగ్గరికి పోయినప్పుడల్లా నూకరత్నం గారు కెజియాను చూసుకుంటారని సర్దుబాటు చదివింది. నిజమేనా?

"నిజమేనండి," అంది దయామణి. "పిల్ల నా దగ్గరుంటే నాకు కాలక్షేపం అని ఆవిడ అంటారండి. నేనూ ఆవిడకి కాలక్షేపం కోసమే ఒదుల్తున్నానని చెబుతానండి. కాదండి. ఆవిడ లేకపోతే నాకు ఉద్యోగం లేదండి, నా పిల్లకి తిండి లేదు." కూర్చుని ముఖం దాచుకుంది.

ఖాసిం వలీ గారు లేచారు. తన ఇంటి సంగతి నేల చూస్తూ చెప్పారు. తుపాను వచ్చి పోయిన నాటి నుంచి మీరాబీకి గాలి చప్పుడు వింటే వణుకు పుడుతుంది. ఆయన దుకాణంలో ఉన్నప్పుడు గాలి లేస్తే మామ్మగారు వాళ్లింటికి వచ్చి కూర్చుంటారు. మా ఇల్లు ఉక్కగా ఉందే తల్లీ అంటారు. "గాలి హోరున వీస్తుంటే ఉక్కేంటండి?" అన్నారు ఖాసిం వలీ గారు. "నాకు తెలుసండి. తెలిసే ఊరుకున్నానండి. అడిగే మొహం లేకండి."

జనంలో ఎవరో ముక్కు చీదారు. పద్మనాభం గారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

ఇక మామ్మగారి వంతు. చేపలు కోసివ్వడం, మందులు చూడటం, తాడుకు గుడ్డపీలికలు. సర్దుబాటు వరసగా చదివి, నిజమేనా అని అడిగింది. ఆవిడ చాప మీద నిటారుగా కూర్చుని ఉన్నారు.

"నూకరత్నం గారూ, మీ మాట కావాలి," అన్నారు పద్మనాభం గారు.

"నన్నడిగే ముందు ఆవిణ్ణి అడగండి బాబూ. ఆ సదూకున్నావిణ్ణి. నేను సెప్పింది సదవండి. ఆవిడ అవునంటే నేనూ అవునంటాను."

సర్దుబాటు అదే వార్తల గొంతుతో చదివింది. "నూకరత్నం గారు ఇస్తున్నట్టు చెప్పినది, ఆవిడ మాటల్లోనే. వకుళ గారికి రోజూ ఒక పూట భోజనం. ఆవిడకు వంట చాతకాదు. వచ్చిన కొత్తలో తిండి లేక చిక్కిపోయి కళ్లు తిరిగి వంతెన మీద కూలబడింది. పెడితే తినదు, అభిమానం ఎక్కువ. అందుకని ఉప్పు చూడమని తీసుకెళతాను. ఉప్పు వెయ్యడానికి నాకు కళ్లెందుకు, చేతికి తెలీదా?"

వరండా అంతా గొల్లుమంది. నా చెవులు వేడెక్కిపోయాయి. అన్నాళ్లూ నేనే ఆవిడకు సాయం చేస్తున్నానని అనుకున్నాను! వాళ్ల సాకులన్నీ వెతికి పట్టుకున్న మేధావిని, నా గుమ్మంలోకి రోజూ వచ్చిన సాకును గుర్తుపట్టలేకపోయాను.

తర్వాత నవ్వు ఆగింది. పద్మనాభం గారు నా వైపు చూశారు. ఆయనకూ మా విశ్వవిద్యాలయం నియమం తెలుసు. "ఆలోచించుకుని చెప్పండి. మీరు ఔనంటే మీ అధ్యయనం చెల్లదు. కాదంటే మిమ్మల్ని ఎవరూ తప్పుపట్టరు," అన్నారు.

ఏడాది పని. అంతకు ముందు అనుమతుల కోసం తిరిగిన కాలం. ఈ పుస్తకం వస్తే ఎన్ని చట్రాల్లో ఎంతమందికి పనికొస్తుందో కూడా అనుకున్నాను. భయమేసింది. నిజం చెప్పాలంటే మామ్మగారి మీద కోపం కూడా వచ్చింది. కానీ ఆవిడ తన చూపు ఆనని కళ్లతో నా వైపే తిరిగి ఉన్నారు. ఆ నాలుగు రోజులూ గిన్నె కోసం నేను గుమ్మం వైపు ఎన్నిసార్లు చూశానో నాకు తెలుసు. అది ఆకలి ఒక్కటే కాదు.

"నిజమేనండి," అన్నాను. "ఆవిడ అన్నం తినే నేను బతుకుతున్నాను. ఆవిడ రాని రోజు నాకు తోచదు. నాకు ఆవిడ కావాలి."

మామ్మగారు గట్టిగా ఊపిరి వదిలారు.

"అయితే రాసుకోండి బాబూ. నాకు మీరాబీ కావాలి, వలీ కావాలి. ఆ పీలికలు లేకపోతే నా గుమ్మం నాకు తెలీదు. పిల్ల కావాలి. ఈ ఉడుకుమోతు మనిషి కూడా కావాలి."

పద్మనాభం గారు ఎక్కువ మాట్లాడలేదు. ఏడో వరసను విడదీయడం కుదరదని తీర్పు చెప్పారు. వచ్చే ఏడాది సర్వేలో ప్రశ్నను తిప్పి అడగమని పైకి సిఫార్సు చేస్తానన్నారు. లేస్తూ లేస్తూ సర్దుబాటును, తానుండే వరసలో తన గురించి పక్కింటివాళ్లు ఏం చెప్పారో ముందే తెలుసుకునే వీలుందా అని అడిగారు. వీల్లేదండి అంది సర్దుబాటు.

మృగశిర కార్తె, ఆదివారం

విశ్వవిద్యాలయం నుంచి కబురొచ్చింది. నా అధ్యయనం రద్దు. చదివి ఏడ్చాను. ఏడుపు అయిపోయాక, ఏడో వరసలో శాశ్వతంగా అద్దెకుంటానని దరఖాస్తు పెట్టాను. పుస్తకం రాస్తాను. పరిశోధకురాలిగా కాదు, ఒక అద్దెదారుగా. ఎవరు అచ్చువేస్తారో తర్వాత చూద్దాం. నిన్నటి నుంచి పై వరసల వాళ్లు ఒక్కొక్కరే వస్తున్నారు, మా ఇంట్లో కూడా ఆ ప్రశ్న అడిగించండి అని. ఒకాయన తాను ఎవరికేం చేస్తాడో నాకే చెప్పడం మొదలుపెట్టాడు. ఆపడం నా వల్ల కాలేదు.

ఈ రోజు మార్పిడి. మబ్బు పట్టింది. పొద్దుటి నుంచి ఉక్కు మీద పీత కాళ్ల చప్పుడు వినిపిస్తూనే ఉంది. మేమందరం వంతెన మీద నిలబడ్డాం. కెజియా దయామణి చంకలో ఉంది. మీరాబీ భర్త చెయ్యి వదల్లేదు. పీత మా నెత్తి మీదికి వచ్చి ఆగింది. దాని నీడ అరలన్నిటి మీదా పడింది. ఎవరూ ఊపిరి తియ్యలేదు. తర్వాత అది కాళ్లు జరుపుకుంటూ మమ్మల్ని దాటి ఎనిమిదో వరసకు వెళ్లిపోయింది.

"పోయిందా?" అన్నారు మామ్మగారు.

"పోయింది మామ్మగారూ."

దయామణి ఏడుస్తూ నవ్వుతూ ఆవిణ్ణి వాటేసుకుంది. ఖాసిం వలీ గారు టీ పెట్టమని మీరాబీకి చెప్పి, తానే వెళ్లి పెట్టారు. తొలి చినుకులు పడ్డాయి. అందరూ లోపలికి వెళ్లాక కూడా మామ్మగారు తాడు పట్టుకుని అక్కడే ఉన్నారు.

"తడుస్తారు, లోపలికి రండి," అన్నాను.

ఆవిడ కాసేపు తటపటాయించారు. ఏదో సాకు వెతుక్కుంటున్నారని అనుకున్నాను. తర్వాత తాడు వదిలేసి, ఆ చెయ్యి నా వైపు చాపారు.

"వకుళమ్మా, సట్రం సివరి దాకా తీసుకెళ్లవే. అక్కడ సముద్రం మీద వాన పడే సప్పుడు వినాలనుంది. నా అంతట నేను పోలేను."

చెయ్యి పట్టుకున్నాను. ఇద్దరం తడుస్తూ బయల్దేరాం.